పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఆడే ఎక్సర్‌సైజ్ గేమ్ చేస్తున్నాం, డిజైన్‌లో ఏం చూసుకోవాలి?

మామిడితోట_డెవ్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను మొబైల్ గేమ్స్ చేసే కంపెనీలో పని చేస్తాను. ఆఫీసు అయ్యాక ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్ళ కోసం ఒక గేమ్ తయారుచేస్తున్నాం. ఫోన్‌ని టీవీ పక్కన నిలబెడితే చాలు, కెమెరా మనిషిని చూస్తుంది, మీడియాపైప్ అనే ఉచిత లైబ్రరీ ఒంటిమీద 33 చోట్లు (భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, చీలమండ ఇలా) గుర్తుపడుతుంది, దాన్నిబట్టి తెరమీద ఆట నడుస్తుంది. సెన్సర్లు కొనక్కర్లేదు, చేతిలో ఏదీ పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడున్న ఆట చాలా సింపుల్. పైనుంచి మామిడికాయలు పడుతుంటాయి, చేతులు చాపి పట్టుకోవాలి. 60 సెకన్లు టైము, మూడు కాయలు జారిపోతే ఆట ముగుస్తుంది, బాగా ఆడితే వేగం పెరుగుతుంది. మామూలు గేమ్స్‌కి మేం వాడే పద్ధతే. తెలిసిన ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో కొందరితో ఆడించి చూస్తే రెండు సంగతులు అర్థం కాలేదు. ఒకాయన పొద్దున పదింటికి చకచకా ఆడారు, ఆయనే మధ్యాహ్నం ఒంటిగంటకి చెయ్యి పైకెత్తడానికే అవస్థపడ్డారు, గేమేమో పొద్దుటి స్కోరు చూసుకుని వేగం ఇంకా పెంచేసింది. ఇంకొకావిడ స్కోరు రోజురోజుకీ పెరుగుతోంది, కానీ అక్కడి ఫిజియో గారు "ఈవిడ మొదటిరోజు కంటే చేతులు తక్కువ చాపుతున్నారు" అన్నారు.

చేతి వణుకుని సాఫ్ట్‌వేర్‌లో ఎంతవరకు ఫిల్టర్ చేయాలి? కష్టాన్ని దేన్నిబట్టి పెంచాలి, తగ్గించాలి? వీఆర్ హెడ్‌సెట్ పెడితే ఇంకా బాగుంటుందని మా ఫ్రెండ్ అంటున్నాడు, మంచిదేనా? అసలు ఇలాంటి ఆటల వల్ల లాభం ఉందని గట్టిగా రుజువైందా? ఫిజియోలు, ఇంట్లో పేషెంట్లు ఉన్నవాళ్ళు, పేషెంట్లు, ఎవరు చెప్పినా వింటాం.

న్యూరోఫిజియో_బెజవాడ

స్కోరు పెరుగుతూ చేతులు ముడుచుకుపోతున్నాయన్నారు చూడండి, నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణుకు గుర్తొస్తుంది, బయటికి కనిపించేది అది కాబట్టి. మేం రోజూ పోరాడేది మాత్రం కదలిక చిన్నదైపోవడంతో. అడుగు చిన్నదవుతుంది, నడిచేటప్పుడు చెయ్యి ఊగడం ఆగిపోతుంది, అక్షరాలు రాసేకొద్దీ సన్నబడతాయి, గొంతు తగ్గిపోతుంది. పైగా ఆ సంగతి పేషెంట్‌కి తెలీదు, సగం చాపిన చెయ్యి పూర్తిగా చాపినట్టే అనిపిస్తుంది. అందుకే ఎల్‌ఎస్‌వీటీ బిగ్ లాంటి పద్ధతుల్లో అతిగా అనిపించేంత పెద్ద కదలికలు చేయిస్తాం. "ఏంటండీ ఇంత ఎక్కువ చేయిస్తున్నారు" అని వాళ్ళు అన్నప్పుడు చూసేవాళ్ళకి అది మామూలు కదలికలాగే ఉంటుంది.

మీ కాయలు వేగంగా పడుతుంటే ఆడేవాళ్ళు ఏం చేస్తారు? మోచెయ్యి ఒంటికి ఆనించుకుని మణికట్టుతో చిన్నగా అటూ ఇటూ అంటూ పట్టేస్తారు, గేమ్ దానికి పాయింట్లు ఇస్తుంది. మేం ఏ అలవాటు మాన్పించాలని చూస్తున్నామో దానికే బహుమతి ఇస్తున్నట్టు. కాబట్టి వేగం తీసేయండి, 60 సెకన్ల గడియారం కూడా తీసేయండి. చెయ్యి ఎంత దూరం వెళ్ళిందో దానికి పాయింట్లు పెట్టండి. ఆట మొదలయ్యే ముందు ప్రతిసారీ రెండు చేతులూ బార్లా చాపించి, పైకెత్తించి, ఆ పూటకి ఆ మనిషి ఎంత వెళ్ళగలరో కొలుచుకుని, కాయని దానికి కాస్త అవతల వేలాడదీయండి. నిన్నటి కొలత ఇవాళ పనికిరాదు. కుడి చేతి కొలత ఎడమ చేతికీ పనికిరాదు, ఈ జబ్బు సాధారణంగా ఒకవైపు మొదలై ఆ వైపే ఎక్కువగా ఉంటుంది.

పొద్దున ఆడిన మనిషి మధ్యాహ్నం ఆడలేకపోవడం మాకు రోజూ కనిపించేదే. ఈ జబ్బుకి ఎక్కువగా ఇచ్చే మందు లెవోడోపా (ఇక్కడ ఎక్కువమందికి సిండోపా అంటే తెలుస్తుంది), అది వేసుకున్నాక పని మొదలుపెట్టడానికి అరగంటో గంటో పడుతుంది, జబ్బు వచ్చి కొన్నేళ్ళయ్యాక ఒక్కో డోసు కొన్ని గంటలే పని చేస్తుంది. పేషెంట్లే "ఇప్పుడు ఆన్‌లో ఉన్నానండి", "ఆఫ్ అయిపోయిందండి" అని చెప్తారు. ఆట తెరవగానే "మందు ఎప్పుడు వేసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న అడగండి, మందు వేసుకున్న రెండో గంట స్కోరుని ఇంకో రోజు రెండో గంట స్కోరుతోనే పోల్చండి. ఇంకోటి, మందు బాగా ఎక్కిన సమయంలో కొందరికి ఒళ్ళు దానంతటదే మెలికలు తిరుగుతూ కదులుతుంది. కెమెరాకి అది కూడా పెద్ద కదలికే కదా, అందుకని ఊరికే కదిలితే పాయింట్లు రాకూడదు, కాయ వైపు వెళ్తేనే రావాలి.

వణుకు సంగతికి వస్తే, చెయ్యి ఊరికే ఉన్నప్పుడు సెకనుకి 4 నుంచి 6 సార్లు వణుకుతుంది, ఏదైనా అందుకోబోయేటప్పుడు చాలామందికి తగ్గుతుంది. కాబట్టి చెయ్యి చాపే ఆటకి గట్టి ఫిల్టర్ అక్కర్లేదు, ఎక్కువ పెడితే తెరమీద చెయ్యి ఆలస్యంగా కదిలి ఇంకా చిరాకు. ఇబ్బంది వచ్చేది "బటన్ మీద మూడు సెకన్లు చెయ్యి ఆపండి" లాంటి మెనూలతో. చాపిన చేతిని అలాగే ఆపితే కొన్ని సెకన్లకి వణుకు మళ్ళీ మొదలవుతుంది. బటన్లు పెద్దవిగా పెట్టి తగలగానే తీసుకునేలా చేయండి.

హెడ్‌సెట్ ఇంట్లో వద్దండి. వీళ్ళు నిలబడటానికి కళ్ళ మీద ఎక్కువ ఆధారపడతారు, నేలా పాదాలూ కనపడకపోతే పడిపోయే ప్రమాదం ఉంది. కొందరికి లేనివి కనిపించడం కూడా ఉంటుంది. టీవీ తెర చాలు. వంగి లేవడం, గబుక్కున నిలబడటం కూడా పెట్టకండి, లేచేటప్పుడు బీపీ పడిపోవడం ఈ జబ్బులోనూ ఉంది, మందుల వల్లా ఉంది.

నెదర్లాండ్స్_తెలుగోడు

రుజువుల గురించి నేను చెప్తాను, ఇక్కడ హెల్త్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తున్నాను కాబట్టి ఇవన్నీ చదవాల్సి వచ్చింది.

నాకు తెలిసినంతలో గట్టిది 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వీ-టైమ్ ట్రయల్. బెల్జియం, ఇజ్రాయెల్, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో చేశారు. అంతకుముందు పడిపోయిన అనుభవం ఉన్న 302 మంది పెద్దవాళ్ళు, వాళ్ళలో చాలామందికి పార్కిన్సన్స్. సగంమందికి ఉత్త ట్రెడ్‌మిల్, మిగతా సగానికి ట్రెడ్‌మిల్ ముందు ఒక తెర, దానిమీద వాళ్ళ పాదాలే కెమెరా ద్వారా కనిపిస్తూ అడ్డంకులు దాటాలి, దారి ఎంచుకోవాలి. వారానికి మూడుసార్లు, ఆరు వారాలు. ఆ తర్వాత ఆరు నెలలు చూస్తే ఆట ఉన్న గుంపులో పడిపోవడం సగటున 11.9 సార్ల నుంచి 6.0కి తగ్గింది, ఉత్త ట్రెడ్‌మిల్ గుంపులో 10.7 నుంచి 8.3కి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి లాభం ఇంకా ఎక్కువ కనిపించింది. నడుస్తూ మాట్లాడటం, నడుస్తూ ఆలోచించడం ఈ జబ్బులో కష్టమవుతుంది, ఎందుకంటే మనకి దానంతటదే జరిగే నడక వాళ్ళకి శ్రద్ధ పెట్టి చేయాల్సిన పని అయిపోతుంది. ఆ ఆట సరిగ్గా దాన్నే సాధన చేయించింది. అయితే పడకుండా పట్టీ కట్టి, పక్కన మనిషి ఉండి చేయించారు, మీరు ఇంట్లో అలా చేయలేరు.

రెండోది ఇక్కడి నైమేగన్‌లో చేసిన పార్క్-ఇన్-షేప్, 2019లో వచ్చింది. 130 మంది, ఆరు నెలలు. ఒక గుంపు ఇంట్లో తెరమీద ఆట చూస్తూ స్టేషనరీ సైకిల్ తొక్కారు, ఇంకో గుంపు స్ట్రెచింగ్ చేశారు. మందు పని చేయని సమయంలో చూసిన కదలికల స్కోరులో సైకిల్ గుంపు 4.2 పాయింట్లు మెరుగ్గా ఉంది. నా అభిప్రాయం ఏంటంటే ఆ లాభం సైకిల్ తొక్కి చెమట పట్టించడం వల్ల వచ్చింది, మనిషిని వారానికి మూడుసార్లు సైకిల్ ఎక్కేలా చేయడానికి ఆట పనికొచ్చింది. మీ గేమ్ పని కూడా అదే అనుకుంటాను.

ఇప్పుడు రెండోవైపు. 2016 కాక్రేన్ రివ్యూ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్ళది) అప్పటిదాకా వచ్చిన 8 ట్రయల్స్ (263 మంది) కలిపి చూసి అడుగు పొడవులో కొంచెం లాభం ఉంది కానీ రుజువుల నాణ్యత తక్కువ అని తేల్చింది. 2012లో బ్రెజిల్ వాళ్ళు వీ ఫిట్ (నింటెండో వాళ్ళ ఎక్సర్‌సైజ్ గేమ్) లోని 10 ఆటలు ఆడించి చూస్తే చాలా ఆటల్ని పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు మిగతా పెద్దవాళ్ళలాగే నేర్చుకున్నారు, మూడు మాత్రం ఎంత ఆడినా రాలేదు. గుర్తుపెట్టుకోవాల్సినవి, చెయ్యబోయి టక్కున ఆపుకోవాల్సినవి ఎక్కువ ఉన్న ఆటలే అవి. "పండు పట్టుకో, బాంబు వచ్చిందంటే చెయ్యి వెనక్కి తీసుకో" లాంటి ఐడియా ఏదైనా ఉంటే మొదట్లోనే పెట్టకండి.

ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. వీడియో గేమ్ ఆడితే మెదడులో డోపమైన్ (ఈ జబ్బులో తగ్గిపోయే రసాయనం) విడుదలవుతుందని 1998లో లండన్ వాళ్ళు నేచర్ అనే పత్రికలో చూపించారు, నిజమే, కానీ ఆడింది జబ్బు లేని మగవాళ్ళు. దాన్ని పట్టుకుని ఆట మందుకి బదులు అనుకోవడం ప్రమాదం. మీ డిజైన్‌కి పనికొచ్చేది 2004లో సైన్స్ అనే పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన: పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు మందు మీద ఉన్నప్పుడు "కరెక్ట్" అన్నదాని నుంచి బాగా నేర్చుకున్నారు, మందు లేనప్పుడు "తప్పు" అన్నదాని నుంచి. మనకి ఎలాగూ తప్పు పట్టే ఆట వద్దు కాబట్టి, కొత్త ఆట నేర్పడం మందు పని చేసే సమయంలోనే పెట్టుకోండి.

టెక్నికల్‌గా ఒక మాట. 2010లో కినెక్ట్ (ఒంటి కదలికల్ని చూసే మైక్రోసాఫ్ట్ కెమెరా) వచ్చాక ఇలాంటి గేమ్స్ చాలా దానిమీదే చేశారు, 2017లో దాని తయారీ ఆపేశారు. మామూలు కెమెరా ఎంచుకుని మంచిపని చేశారు, అయినా మీడియాపైప్‌ని కోడ్‌లో ఒక్కచోటే ఉంచండి, రేపు మార్చాల్సి వస్తే మిగతాదంతా తిరగరాయక్కర్లేకుండా. ఒక్క కెమెరాకి లోతు సరిగా తెలీదు, ముందుకి చాపే కదలికలు వద్దు, పక్కలకీ పైకీ పెట్టుకోండి. ప్లేస్టోర్‌లో "చికిత్స" అని రాయకండి, 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా మెడికల్ డివైజ్ కిందకే వస్తుంది.

అనంతపురం_అమ్మాయి

నేను ఇంజనీర్ని కాదు, ఫిజియోని కాదు. నాన్నగారికి పార్కిన్సన్స్, చూసుకునేది నేనే. ఇంట్లో ఉండేవాళ్ళకే తెలిసే సంగతులు కొన్ని రాస్తాను.

మీరు ఆడించి చూసేటప్పుడు వాళ్ళ ముఖం చూసి నచ్చిందా లేదా అని నిర్ణయించకండి దయచేసి. ఈ జబ్బులో ముఖ కండరాలు కూడా బిగుసుకుపోతాయి. నాన్న లోపల ఎంత సంతోషంగా ఉన్నా ముఖంలో ఏమీ కనపడదు, చుట్టాలు వచ్చి "ఏంటి, మేమొస్తే ఇష్టం లేనట్టుంది" అని బాధపడి వెళ్తారు. నోటితో అడగండి, జవాబు రావడానికి టైము పడుతుంది, ఆగండి. గొంతు చిన్నగా ఉంటుంది కాబట్టి "మొదలుపెట్టు" అని మాటతో నడిపించే ఏర్పాటు మాత్రమే పెడితే ఫోన్‌కి వినపడదు.

నాన్న ఇంట్లో లుంగీ కడతారు, పక్కింటి అత్తయ్యగారికీ ఇదే జబ్బు, ఆవిడది చీర. మోకాళ్ళు కనపడవు కదా, మీ కెమెరా ఏం చేస్తుందో చూసుకోండి. నేను పక్కన నిలబడి పట్టుకుంటే ఆట నా చేతుల్ని లెక్కపెట్టకూడదు. నేను డ్యూటీకి వెళ్ళాక ఆయన ఒక్కరే తెరవగలిగేలా ఉండాలి, లాగిన్, ఓటీపీ అంటే అక్కడే ఆగిపోతారు. అక్షరాలు పెద్దగా, ముదురు రంగు మీద తెల్లగా ఉంటేనే నాన్నకి కనిపిస్తాయి, లేత రంగులు కలిసిపోతాయంటారు.

ఇంకొకటి రాయడానికి కొంచెం కష్టంగా ఉంది కానీ రాయాలి. కొన్నేళ్ళ క్రితం నాన్నకి ఒక కొత్త మందు మొదలుపెట్టాక ఫోన్‌లో డబ్బులు పెట్టి పేకాట ఆడటం మొదలుపెట్టారు. జీవితంలో పేక ముట్టని మనిషి. రాత్రిళ్ళు కూడా ఆడేవారు, డబ్బు పోయింది, ఇంట్లో గొడవలయ్యాయి, మేం ఆయన్ని చాలా మాటలన్నాం. తర్వాత డాక్టర్ గారు చెప్పారు, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కొందరికి ఇలా ఆపుకోలేని కోరికలు వస్తాయని. మందు మార్చాక తగ్గింది. అందుకని మీ గేమ్‌లో చక్రం తిప్పితే బహుమతి, ఇవాళ ఆడకపోతే పాయింట్లు పోతాయి, ఇంకొక్కసారి ఆడు, ఇలాంటివి ఒక్కటి కూడా పెట్టొద్దు. ఇవాళ్టికి చాలు అని ఆటే చెప్పి ఆగిపోవాలి.

మామిడితోట_డెవ్ (హైదరాబాద్)

అందరికీ చాలా చాలా థాంక్స్. గడియారం, మూడు ప్రాణాలు, వేగం తీసేస్తున్నాం. రోజూ ఆడితే బోనస్ అని ఒకటి ప్లాన్‌లో ఉంది, అక్కా, మీరు రాసింది చదివి అది కూడా తీసేశాం. ఆడే మనిషిని మొదట్లోనే గుర్తుపెట్టుకుని పక్కనున్నవాళ్ళని వదిలేసేలా చేయొచ్చు. లుంగీ, చీర విషయం మాకు తట్టలేదు, ప్రస్తుతానికి భుజాలు, చేతులు, చీలమండల మీదే ఆధారపడతాం.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. గడియారం లేకుండా, ఓడిపోవడం లేకుండా ఆట అంటే ఎందుకు ఆడాలనిపిస్తుంది? పేషెంట్లు ఎవరైనా ఉంటే మీకు ఎలాంటి ఆట కావాలో చెప్పగలరా?

లెక్కల_మాస్టారు_తెనాలి

బాబూ, నాకు ఈ జబ్బు ఉంది. మెల్లగా టైప్ చేస్తాను, అందుకే ఆలస్యం. మంచి పని తలపెట్టారు.

మా అమ్మాయి అమెరికా నుంచి కొన్ని యాప్‌లు పంపింది. బుడగలు పేల్చడం, చేపపిల్లలు, ఏం చేసినా "వెరీ గుడ్" అనే గొంతు. నేను ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి మార్కులు వేసినవాణ్ణి, సగం చెయ్యి ఎత్తినందుకు వెరీ గుడ్ అంటే నాకు తెలీదా? సరిగా చేస్తేనే సరి అనండి, లేకపోతే ఇంకా ఎంత దూరం ఉందో గీత గీసి చూపించండి. అంకెలు చూపించండి. పోయిన మంగళవారం ఇదే పూట చెయ్యి ఎంత ఎత్తు వెళ్ళింది, ఇవాళ ఎంత వెళ్ళింది, ఆ రెండు అంకెలు చాలు నాకు రేపు ఆడాలనిపించడానికి. ఇంకొకళ్ళతో పోటీ వద్దు. ఎవరి జబ్బు వారిది, ఒకే లెక్క మీద మార్కులు వేయడం అన్యాయం.

ఆట అంటే మాకు తెలిసిన పనులు పెట్టండి. దండెం మీద బట్టలు ఆరేయడం, ఎత్తుగా ఉన్న దండెం, రెండు చేతులూ చాపి దుప్పటి పరవాలి. బావిలో నీళ్ళు తోడటం, చేంతాడు చెయ్యి మార్చి చెయ్యి లాగుతూ ఉంటే బొక్కెన పైకి రావడం కనపడాలి. చేటలో బియ్యం చెరగడం మా ఆవిడ చెప్పమంది. నడకకి తొక్కుడుబిళ్ళ గళ్ళు. నాకు ఒక్కోసారి గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, ముందుకి తోస్తే పడతాను, కానీ ఎదురుగా నేలమీద గీత ఉంటే దాన్ని దాటేస్తాను. మా ఫిజియో గారు వరండాలో రంగు టేపు అడ్డంగా అంటించారు, దానిమీద దర్జాగా నడుస్తాను. కోలాటం లాంటి తాళం వినపడినా నడక బాగుంటుంది. ఈ గీతలూ తాళమూ ఆటలో పెట్టండి.

టిఫిన్ చేసిన వెంటనే ఆడమని గుర్తు చేయకండి. నేను మందు ఖాళీ కడుపున వేసుకుని, పెసరట్టు తర్వాత తింటాను, మాంసకృత్తులు మందుని సరిగా ఎక్కనివ్వవని చెప్పారు. ఎవరి వేళలు వాళ్ళనే పెట్టుకోనివ్వండి.

న్యూరోఫిజియో_బెజవాడ

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన గీతా తాళమూ మా పాఠాల్లో ఉన్నవే. లోపలినుంచి కదలికని మొదలుపెట్టే దారి ఈ జబ్బులో దెబ్బతింటుంది, బయటినుంచి గీతో చప్పుడో ఇస్తే మెదడు ఇంకో దారి పట్టుకుంటుంది.

డెవ్ గారూ, ఈ నాలుగింట్లో ముందు దండెం, బావి చేయండి, రెండూ కూర్చుని ఆడొచ్చు. బావి దగ్గర నడుము కూడా పక్కకి తిరిగేలా పెడితే ఇంకా మంచిది, వీళ్ళకి నడుము బిగుసుకుపోవడం ఎక్కువ. కుర్చీ చక్రాలు లేనిది, చేతులున్నది, తేలిక ప్లాస్టిక్‌ది కాకుండా బరువైనది అయ్యుండాలని ఆట మొదట్లో బొమ్మతో చూపించండి.

తొక్కుడుబిళ్ళ తర్వాత చేద్దాం. అందులో కుంటడం ఉండకూడదు, అడుగు వేసి దాటడమే. గళ్ళ చివరికి వెళ్ళి వెనక్కి తిరగమనకండి, కాళ్ళు అతుక్కుపోయేది ఎక్కువగా తిరిగేటప్పుడే, ఒకే చోట నిలబడి ముందుకీ పక్కకీ అడుగు వేసి మళ్ళీ వెనక్కి తెచ్చుకునేలా ఉంటే చాలు. తాళం వేగం అందరికీ ఒకటే పెట్టకూడదు, ముందు వాళ్ళ మామూలు నడకలో నిమిషానికి ఎన్ని అడుగులో లెక్కించి అక్కడ మొదలుపెట్టండి. మాస్టారిలా కాళ్ళు అతుక్కుపోయేవాళ్ళకి దానికంటే కాస్త నెమ్మది, మిగతావాళ్ళకి పదోవంతు దాకా ఎక్కువ పెట్టొచ్చు. ఈ ఆట మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడే తెరుచుకోవాలి.

దండెం ఆట ఒక రూపానికి వచ్చాక నాకు మెసేజ్ పెట్టండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇష్టపడేవాళ్ళతో మందు వేళ రాసుకుని ఆడించి, వీడియో చూస్తూ మీ కెమెరా కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చేత్తో కొలిచి చెప్తాను.